మైకు పెట్టగానే మాట మారిపోకుండా: మన సరిహద్దు ఊళ్ళలో కళాకారుల్ని, రాసేవాళ్ళని, ఆలోచించేవాళ్ళని రేడియోకి ఇంటర్వ్యూ చేయడం ఎలా

పర్లాకిమిడిలో ఒక హార్మోనియం మేష్టారింటికి మొదటిసారి రికార్డర్ పట్టుకుని వెళ్ళాను. అప్పటిదాకా అరుగు మీద కూర్చుని "ఏటి బావూ, ఇంత ఎండలో వచ్చీసారు, ముందు మంచినీళ్ళు తాగండి" అని హాయిగా మాట్లాడిన మనిషి, ఎర్ర లైటు వెలగ్గానే వీపు నిటారుగా పెట్టి, గొంతు సవరించుకుని "సంగీతము అనునది ఒక మహాసముద్రము" అని మొదలెట్టారు. నలభై నిమిషాలు అలాగే నడిచింది. తర్వాత రికార్డర్ ఆపేసి టీ తాగుతుంటే చెప్పారు, అక్క పెళ్ళికి వాళ్ళ నాన్న హార్మోనియం తాకట్టు పెట్టిన సంగతి, దాన్ని విడిపించడానికి తను నాటకాల వాళ్ళతో ఐదేళ్ళు ఊరూరా తిరిగి వాయించిన సంగతి, విడిపించి తెచ్చేసరికి అందులో రెండు రీడ్లు పలకడం మానేసిన సంగతి. అదేదీ రికార్డ్ అవలేదు. ఇంటికొచ్చి వింటే సముద్రం ఉంది, మేష్టారు లేరు.

ఇది ఆయనొక్కరి సంగతి కాదండి. ఒడిశాలో ఉన్న మన సరిహద్దు ఊళ్ళు బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం, ఎక్కడికెళ్ళినా మనవాళ్ళు ముందు చెప్పే మాట ఒకటే, "మాది సరైన తెలుగు కాదు, ఒడియా కలిసిపోయింది, రేడియోకి పనికిరాదు" అని. బడిలో ఒడియా చదువుకున్నారు, ఇంట్లో తెలుగు మాట్లాడుకున్నారు, చాలామందికి తెలుగు మాట్లాడ్డం వచ్చుగానీ రాయడం రాదు, దాంతో లోపల ఎక్కడో చిన్న సిగ్గు ఉండిపోయింది. మైకు కనపడగానే ఆ సిగ్గు గ్రాంథికం కట్టుకుని బయటికొస్తుంది.

అలా సిగ్గుపడక్కర్లేదని జీవితమంతా పోట్లాడిన గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పింది ఈ పర్లాకిమిడిలోనే కదా. 1863లో పుట్టి 1940లో పోయారు, ఆగస్టు 29న ఆయన పుట్టినరోజునే మనం తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటున్నాం. సవర భాష నేర్చుకోవడానికి తెలుగూ సవరా రెండూ వచ్చిన మనిషిని ఇంట్లో పెట్టుకున్నారు, కొండల్లో సవర ఊళ్ళన్నీ తిరిగారు, మన్యం జ్వరానికి వాడిన క్వినైన్ వల్ల చెవులు దెబ్బతిని జన్మంతా చెముడుతో ఉండిపోయారు. ఎదుటివాళ్ళ మాట వినడానికి వెళ్ళి వినికిడి పోగొట్టుకున్న మనిషాయన. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులో కలిస్తే అది నచ్చక ఊరే వదిలి రాజమండ్రి వెళ్ళిపోయారు. రికార్డింగ్‌కి బయల్దేరే ప్రతిసారీ నేను ఆయన్ని ఒకసారి తలుచుకుంటాను. ఎవరి నోటి మాట వాళ్ళ నోట్లో ఉన్నట్టే రేడియోలోకి రావాలి, నాకు కావాల్సింది అంతే, దానికి ఏం చెయ్యాలో ఇన్నాళ్ళ పనిలో నాకు తెలిసింది ఇక్కడ రాస్తున్నా. కొత్తగా మొదలెట్టేవాళ్ళకి పనికొస్తుందని.

ముందు, ఎక్కడ వేస్తారు అన్న ప్రశ్న. ఆకాశవాణికి బరంపురంలో, జయపురంలో స్టేషన్లున్నాయి, ఇటు విశాఖపట్నం కేంద్రం 1963 నుంచీ ఉంది. మీడియం వేవ్ రాత్రిపూట ఎక్కువ దూరం పోతుంది కాబట్టి మా చిన్నప్పుడు చీకటి పడ్డాకే విశాఖ బాగా పలికేది, మా నాన్న రేడియోని కిటికీ వైపు తిప్పి తిప్పి పెట్టేవారు. ఇప్పుడు కమ్యూనిటీ రేడియోలు కూడా వచ్చాయి. మొదట కాలేజీలూ యూనివర్సిటీలకే పర్మిషన్ ఉండేది, 2006 నుంచి స్వచ్ఛంద సంస్థలకీ ఇస్తున్నారు. 50 వాట్ల చిన్న ట్రాన్స్‌మిటర్, ఓ పది పదిహేను కిలోమీటర్లు వినపడుతుంది, అంతే. కానీ ఆ పది కిలోమీటర్లలో ఉన్నవాళ్ళందరూ మీరు ఇంటర్వ్యూ చేసే మనిషిని ఎరిగినవాళ్ళే, అది చిన్న విషయం కాదు. జహీరాబాద్ దగ్గర మాచనూరులో సంఘం రేడియో 2008లో మొదలైంది, నడిపేది ఊరి ఆడవాళ్ళే, వాళ్ళ ఊరి మాటలోనే నడుపుతారు. అలాంటిది ఒకటి ఉందని తెలిస్తే మన దగ్గర పెద్దవాళ్ళకి కూడా కొంచెం ధైర్యం వస్తుంది, నేను ఈ ఉదాహరణ చాలాసార్లు వాడుకున్నా.

మీ ఇంటర్వ్యూ ఏ స్టేషన్‌కి ఇస్తారో ముందే మాట్లాడుకోండి, ఎన్ని నిమిషాలు కావాలో కనుక్కోండి. మాకు మామూలుగా 28 నిమిషాలు అడుగుతారు, దానికి గంటన్నర రికార్డ్ చేస్తా.

వెళ్ళే ముందు పని

ఇంటర్వ్యూలో సగం పని మైకు తియ్యకముందే అయిపోవాలి. చికాగోలో డబ్ల్యూఎఫ్‌ఎమ్‌టీ అనే స్టేషన్లో స్టడ్స్ టెర్కెల్ అనే ఆయన 45 ఏళ్ళపాటు రచయితలతో, సంగీతం వాళ్ళతో, మామూలు జనంతో మాట్లాడారు. ఎవరైనా రచయిత వస్తే ఆయన ముందున్న పుస్తకం నిండా గీతలూ రాతలూ ఉండేవి. ఎదుటి మనిషి ఆ గీతలు చూడగానే, వీడు నిజంగా చదివొచ్చాడు అని తెలిసిపోతుంది కదా, అక్కడే సగం బిగువు సడలుతుంది. కాబట్టి కథలు రాసేవాళ్ళ దగ్గరికి వెళ్తుంటే కనీసం మూడు కథలు చదవండి, ఒకటి పాతది, ఒకటి కొత్తది, ఇంకోటి ఎవరూ పట్టించుకోనిది. పాత కథలు దొరక్కపోతే శ్రీకాకుళంలో కథానిలయం ఉంది, 1997లో తెరిచారు, తెలుగు కథలన్నీ ఒకచోట పెట్టాలని కట్టిన లైబ్రరీ అది. బరంపురం నుంచి పొద్దున్నే రైలెక్కి ఆముదాలవలసలో దిగాలి, శ్రీకాకుళం రోడ్డు స్టేషన్ అదే, అక్కణ్ణుంచి ఊళ్ళోకి పోవచ్చు.

రాతలో లేని పనులు చేసేవాళ్ళ దగ్గరికి వెళ్తే చదవడానికి ఏమీ ఉండదు, అప్పుడు చూడ్డమే చదవడం. బరంపురం పట్టు నేసేవాళ్ళ దగ్గరికి ముందు రోజే వెళ్ళి ఒక గంట ఊరికే కూర్చోండి, రికార్డర్ సంచిలోంచి తియ్యకండి. బరంపురం పట్టు చీరకీ, మగవాళ్ళు కట్టుకునే జోడుకీ జీఐ గుర్తింపు, అంటే ఆ ఊరి సరుకే అని చెప్పే గుర్తింపు ఉంది, అంచుమీద గుడి గోపురంలా వచ్చే కుంభం దాని గుర్తు, ఇవన్నీ ఎక్కడైనా దొరుకుతాయి. కానీ ఏ చప్పుడు వింటే దారం తెగిందని వాళ్ళకి తెలుస్తుంది, ఎవరు పలకరిస్తే మగ్గం ఆపుతారు, ఎవరు పలకరిస్తే ఆపరు, ఇవి కూర్చుంటేనే తెలుస్తాయి. మీ ప్రశ్నలు అక్కడే పుడతాయి.

ఫోన్లో మాట్లాడేటప్పుడు ఎక్కువ మాట్లాడకండి. "మీ గురించి చెప్పండి" అని ఫోన్లో అడిగారంటే ఆ మంచి సంగతులన్నీ ఫోన్లోనే చెప్పేస్తారు, మర్నాడు మళ్ళీ అడిగితే "నిన్న చెప్పాను కదండీ" అంటారు, లేదా అదే కథ చల్లారిపోయి వస్తుంది. టైమూ, చోటూ, ఎంతసేపు పడుతుందీ, ఎక్కడ వేస్తారు, ఇవి చెప్పి పెట్టేయండి. "ఏం అడుగుతారు?" అని అడిగితే విషయాలు చెప్పండి, ప్రశ్నలు రాసి పంపొద్దు. పంపితే జవాబులు కాగితం మీద రాసుకుని కూర్చుంటారు, చదువుతారు, ఇంక అంతే.

చోటు, చప్పుడు, మైకు

దీని గురించి జనం ఎక్కువ భయపడతారుగానీ పెద్ద ఖర్చేం లేదు. జూమ్ హెచ్1ఎన్ లాంటి చిన్న రికార్డర్ చాలు, అదీ లేకపోతే ఫోనుకి కాలరు మైకు పెట్టుకుని కూడా మంచి ఇంటర్వ్యూలు చేశా. వేవ్ ఫార్మాట్లో పెట్టండి, 44.1 కిలోహెర్ట్జ్, 16 బిట్, మోనో, గంటకి సుమారు 320 ఎంబీ అవుతుంది, ఈ రోజుల్లో అదేం పెద్దది కాదు. రికార్డర్ లెవెల్ మీటర్లో మాట -12 డెసిబెల్స్ దగ్గర ఆడాలి, గట్టిగా నవ్వినా -6 దాటకుండా చూసుకోండి, సున్నా తగిలితే గొంతు పగిలిపోతుంది, దాన్ని ఏ సాఫ్ట్‌వేరూ బాగు చెయ్యలేదు. ఫోనుతో రికార్డ్ చేస్తుంటే ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి. హెడ్‌ఫోన్స్ కచ్చితంగా పెట్టుకోవాలి, మన చెవి ఫ్యాను చప్పుడుకి అలవాటు పడిపోయి వినిపించుకోదు, మైకు అన్నీ వింటుంది.

మైకు నోటికి బెత్తెడు కంటే దూరం, జానెడు కంటే దగ్గర ఉండాలి, సరిగ్గా ఎదురుగా కాకుండా కొంచెం పక్కకి, లేకపోతే ప, బ, ఫ పలికినప్పుడల్లా గాలి తగిలి ఢబ్ ఢబ్ మంటుంది. టేబుల్ మీద పెట్టకండి, మన పెద్దవాళ్ళు మాట్లాడుతూ టేబుల్ మీద చరుస్తారు. చేత్తో పట్టుకోండి, చెయ్యి నొప్పెడుతుంది, పర్లేదు. మైకు ఎదుటి మనిషి చేతికి మాత్రం ఇవ్వకండి, ఇస్తే అది సభ అయిపోతుంది.

ఫ్యాను ఆపాలి, ఫ్రిజ్జు ఆపాలి. ఫ్రిజ్జు ఆపినప్పుడు మీ బండి తాళం అందులో పెట్టేయండి, వెళ్ళేటప్పుడు తాళం కోసం తలుపు తీస్తారు, మళ్ళీ ఆన్ చెయ్యడం మర్చిపోరు. మే నెలలో బరంపురంలో ఫ్యాను లేకుండా గంటన్నర ముసలివాళ్ళని కూర్చోబెట్టకూడదు కాబట్టి పొద్దున్న ఆరు ఏడు మధ్యలో పెట్టుకోండి, లేదా ఇరవై నిమిషాలకోసారి ఆపి ఫ్యాను వెయ్యండి. ఖాళీ గోడలున్న గది మోగుతుంది, బొంతలు, దుప్పట్లు, పరుపు ఉన్న పడకగది మంచిది, మగ్గం ఉన్న ఇల్లయితే నూలూ చీరలూ ఉంటాయి, దానికంటే మంచి స్టూడియో లేదు.

అన్ని చప్పుళ్ళూ చెడ్డవి కాదు. మగ్గం చప్పుడు విడిగా రెండు నిమిషాలు పట్టుకోండి. వెళ్ళేముందు అందర్నీ ఒక నిమిషం మాట్లాడకుండా కూర్చోమని ఆ గది నిశ్శబ్దాన్ని కూడా రికార్డ్ చేయండి, తర్వాత ఎడిటింగ్‌లో అతుకులు కనపడకుండా కింద పరచడానికి అదే పనికొస్తుంది.

రికార్డర్ ఎప్పుడు ఆన్ చెయ్యాలి

హార్మోనియం మేష్టారింట్లో నేను చేసిన తప్పు ఇదే, "రెడీయా అండి? మొదలెడదామా?" అన్నాను. ఆ మాటతోనే మనిషి మారిపోతారు. ఇప్పుడేం చేస్తున్నానంటే, గుమ్మంలోనే చెప్పేస్తా, "మావయ్యా, నేను ఇది ఇప్పుడే ఆన్ చేసేస్తున్నా, మనం మాట్లాడుకుంటూ ఉందాం, మీకు వద్దనిపించింది ఏదైనా తర్వాత చెప్పండి, తీసేస్తా" అని. దాచి రికార్డ్ చెయ్యడం మాత్రం ఎప్పుడూ వద్దు, అది దొంగతనం. చెప్పి ఆన్ చేస్తే పావుగంటలో దాని సంగతి మర్చిపోతారు. వేడి వేడి టీ, మూడీ (మరమరాలు) మిక్చరు వచ్చాక ఎలాగూ మైకు గుర్తుండదు, కాకపోతే మూడీ నమిలే చప్పుడు మైకుకి బాగా తెలుస్తుంది, తినడం అయ్యాక అసలు సంగతుల్లోకి వెళ్ళండి.

అమెరికాలో టెర్రీ గ్రాస్ అనే రేడియో ఆవిడ మొదలెట్టేముందే ఎదుటివాళ్ళకి చెప్తారట, ఏ ప్రశ్నైనా మరీ సొంత విషయంలోకి వెళ్ళిందనిపిస్తే చెప్పండి, వదిలేసి ముందుకెళ్దాం అని. నేను ఇది మన దగ్గర మొదలెట్టాక చాలా తేడా కనిపించింది. వద్దు అనే వీలుందని తెలిసినవాళ్ళు ఎక్కువ చెప్తారు.

పిలుపు సంగతి. కొన్ని స్టేషన్లలో రేడియోలో "శ్రీ ఫలానా గారూ" అనే అనాలంటారు. కథలు రాసే లెక్చరర్ని మేష్టారూ అంటాం, మంచిదే. కానీ మా వీధి మనిషిని, పుట్టినప్పట్నుంచీ మావయ్యా అని పిలిచినాయన్ని, మైకు ముందు ఒక్కసారిగా "మీరు మా శ్రోతలకి" అంటే ఆయన కూడా నన్ను కొత్తగా చూస్తారు. నేను మావయ్య అనే పిలుస్తా, పిన్నిని పిన్ని అనే పిలుస్తా, వినేవాళ్ళకి ఆ చుట్టరికం వినపడితే నష్టమేం లేదు.

అడగడం

ఇదే అసలు పని. "మీ కళా ప్రస్థానం గురించి చెప్పండి" అన్నారంటే మీకు సన్మానపత్రం వినిపిస్తారు. "కళ అంటే మీ దృష్టిలో ఏమిటి" అన్నారంటే సముద్రం వస్తుంది. చేతుల గురించి అడగండి, రోజు గురించి అడగండి, డబ్బు గురించి కూడా అడగండి. "మావయ్యా, ఇవాళ పొద్దున్న మగ్గం మీద కూర్చున్నాక మొట్టమొదట ఏం చేశారు?" దీనికి గ్రాంథికంలో జవాబు చెప్పడం ఎవరివల్లా కాదు. "మీరు నేసినవాటిలో అమ్మడానికి మనసొప్పని చీర ఉందా?" ఈ ప్రశ్నకి ఒకాయన లోపలికెళ్ళి పెట్టె తెరిచి, వాళ్ళావిడ కోసం నేసి ముప్ఫై ఏళ్ళుగా దాచిన చీర తెచ్చారు, దాని మడతలు విప్పుతున్న చప్పుడుతో సహా ఆ ప్రోగ్రామ్‌లో పెట్టాం.

బరంపురం ఠాకురాణీ యాత్ర రెండేళ్ళకోసారి జరుగుతుంది, ఆ నేతవాళ్ళ పెద్ద, దేశీబెహరా అంటారు, ఆయన వీధిలోకి అమ్మవారు పుట్టింటికి వచ్చిన ఆడపిల్లలా వస్తుంది. "ఈ యాత్ర విశిష్టత ఏమిటి?" అంటే పాంప్లెట్ చదువుతారు. "పిన్నీ, ఆడపిల్ల ఇంటికొస్తే ఏం వండుతాం, అమ్మవారు వచ్చినప్పుడు మీ ఇంట్లో ఏం వండుతారు?" అని అడిగి చూడండి. లేకపోతే "అమ్మవారిని తిరిగి పంపించిన రాత్రి వీధి ఎలా ఉంటుంది?" అనండి. ఈ రెండో ప్రశ్న అడిగాక ఒకామె చాలాసేపు మాట్లాడలేదు, నేనూ మాట్లాడలేదు, అప్పుడు తన కూతురు గురించి చెప్పారు.

ఆ ఊరుకోవడం నేర్చుకోవడం కష్టం. జవాబు అయిపోయిందనిపించాక మనసులో ఐదు లెక్కపెట్టండి, కళ్ళలోకి చూస్తూ, తలూపుతూ. మొదటి జవాబు ఎప్పుడూ చెప్పి చెప్పి అరిగిపోయినదే, ఆ ఐదు అంకెల తర్వాత వచ్చేది ఎవరికీ చెప్పనిది. మన పెద్ద గొడవేంటంటే ఖాళీ కనపడితే "ఊఁ... అవునండి... చాలా బాగా చెప్పారు" అని నింపేస్తాం. ఆ ఊఁ కొట్టడం నోటితో కాకుండా తలతో కొట్టండి, లేకపోతే ఎడిట్ చేసేటప్పుడు ప్రతి వాక్యం మీదా మన గొంతే ఉంటుంది.

ఒక్కసారికి ఒక్క ప్రశ్న అడగండి. కాగితం మీద ప్రశ్నలు రాసుకోండిగానీ చేతిలో పెట్టుకోకండి, జేబులో ఉంచండి. వాళ్ళు చెప్పినదాంట్లో ఒక మాట పట్టుకుని "రెండు రీడ్లు పలకలేదన్నారు, ఏ రెండు?" అని వెళ్ళడమే తర్వాతి ప్రశ్న.

నాటకాల వాళ్ళయితే చేసి చూపించమనండి. గంజాం వైపు ప్రహ్లాద నాటకం ఉంది కదా, జలంతర సంస్థానం రాజు రాసిందంటారు, మెట్లు మెట్లుగా కట్టిన వేదిక మీద ఆడతారు, ఒడియా నాటకమే కానీ మన యక్షగానం ఛాయ అందులో ఉంటుంది. హిరణ్యకశిపుడు వేసేవాళ్ళని "ఈ పాత్ర గొప్పతనం" అడగొద్దు. "ఆ గద్దింపు ఒకసారి ఇక్కడ వెయ్యండి" అనండి, మైకు మాత్రం రెండు అడుగులు వెనక్కి లాక్కోండి, లెవెల్ తగ్గించండి. తర్వాత "ఇంట్లో పిల్లల్ని కూడా ఇలాగే గద్దిస్తారా" అని అడగండి, అక్కడ మనిషి దొరుకుతారు.

ఆలోచనల మనుషులతో పద్ధతి వేరు. లెక్చరర్లు, చరిత్ర రాసేవాళ్ళు, భాష గురించి పనిచేసేవాళ్ళు బాగా మాట్లాడతారు, అదే ఇబ్బంది, వాక్యం మొదలెడితే ఆగదు, వినేవాడు ఈలోపు పొయ్యి మీద పాలు చూసుకోడానికి వెళ్ళిపోతాడు. వాళ్ళని నేను మూడే అడుగుతా మళ్ళీ మళ్ళీ. "ఒక్క ఉదాహరణ చెప్పండి మేష్టారూ, మన ఊళ్ళోది." "దీన్ని ఒప్పుకోనివాళ్ళు ఏమంటారు, వాళ్ళ మాటలో బలం ఎక్కడుంది?" "మీరు ఇదివరకు వేరేగా అనుకుని ఇప్పుడు మార్చుకున్నది ఏమైనా ఉందా?" మూడోది చాలా విలువైన ప్రశ్న, ఆలోచన కదిలిన చోటు వినపడుతుంది. సరిహద్దు, 1936, ఎవరి ఊరు ఎవరికి పోయింది లాంటి వాటి మీద గొంతులు లేస్తాయి, లేవనివ్వండి, కానీ రెండో వైపు మనిషిని కూడా ఇంకో వారం పిలవండి, ఒడియా మేష్టారైతే ఒడియాలోనే మాట్లాడించండి.

రాసేవాళ్ళ చేత చదివించండి. ఒక పేజీ చాలు, ఏ పేజీయో మీరే ఎంచుకోండి, వాళ్ళనడిగితే అందరూ మెచ్చుకున్నదే చదువుతారు. చదివాక "ఈ వాక్యం ముందు ఇంకోలా ఉండేదా?" అని అడగండి. "ఇందులో ఈ ఒడియా మాటని ఎందుకు ఉంచేశారు?" అని అడగండి. మన దగ్గర తెలుగులో రాసేవాళ్ళకి చుట్టూ తెలుగు చదివేవాళ్ళు తక్కువ, కాబట్టి ఎవరు చదువుతారని రాస్తున్నారు అన్నది నిజమైన ప్రశ్న. జాలిగా కాకుండా మామూలుగా అడగండి.

రెండు మూడు భాషలున్నప్పుడు

మన మనుషులు ఒక వాక్యం తెలుగులో మొదలెట్టి ఒడియాలో పూర్తి చేస్తారు, లెక్కలు ఒడియాలో వేస్తారు, కోపం తెలుగులో పడతారు. ఆపకండి. "తెలుగులో చెప్పండి" అన్న క్షణం వాళ్ళు మాట కోసం వెతుక్కోవడం మొదలెడతారు, చెప్పాల్సింది పోతుంది. అర్థం కానిది ఉంటే వాక్యం అయ్యాక "అంటే?" అని ఒక్క మాట అడగండి, వాళ్ళే విడమరిచి చెప్తారు, ఆ విడమరచడం చాలా అందంగా ఉంటుంది. ఒకసారి నేను చేసిచ్చిన ఒక నేతాయన ఇంటర్వ్యూలో ఒడియా మాటలన్నీ ఒక స్టేషన్ ఎడిటింగ్‌లో కత్తిరించి వేశారు, ఆయన మాట్లాడినట్టు కాదు, నత్తిగా మాట్లాడినట్టు వచ్చింది, వాళ్ళింట్లో మొహం ఎలా చూపించాలో తెలీలేదు నాకు. అప్పట్నుంచీ ఇచ్చేముందే చెప్తున్నా, మాటలు కత్తిరిస్తే ఇవ్వనని.

సవర పెద్దల దగ్గరికి వెళ్తే దుబాసీ కావాలి, ఆ మనిషికి డబ్బులివ్వండి, ప్రోగ్రామ్‌లో పేరు చెప్పండి. గజపతి, రాయగడ జిల్లాల్లో లాంజియా సవరలు గోడల మీద వేసే బొమ్మల్ని ఇడితాల్ అంటారు, ఎర్రమట్టి గోడ మీద బియ్యప్పిండితో వేస్తారు, అవి చనిపోయిన పెద్దల కోసం, దేవతల కోసం, అలంకారానికి కాదు. "ఈ బొమ్మ అర్థం ఏమిటి" అని పరీక్ష పెట్టినట్టు అడగొద్దు. "ముందు ఏది గీశారు? ఎవరు గీయమన్నారు? అయ్యాక ఏం పెట్టారు?" అని అడగండి. సవరకి సొంత లిపి కూడా ఉంది, సొరంగ్ సోంపెంగ్, మంగేయి గొమాంగో గారు 1936లో తయారుచేశారు, ఇది తెలుసుకుని వెళ్తే ఎదుటివాళ్ళు మిమ్మల్ని చూసే చూపే మారుతుంది.

ఇలాంటివి ప్రసారం చేసేటప్పుడు వాళ్ళ గొంతు మొదట ఒకటి రెండు వాక్యాలు పూర్తిగా విననివ్వండి, తర్వాత మెల్లగా తగ్గించి తెలుగు గొంతు తీసుకురండి, చివర్లో మళ్ళీ వాళ్ళ గొంతే పైకి రావాలి. మొదట్నుంచీ పైన తెలుగు కప్పేస్తే వాళ్ళని పిలిచి పక్కన నిలబెట్టినట్టు ఉంటుంది.

పాటల విషయంలో ఒక జాగ్రత్త. కొన్ని పాటలు ఆ పండగకో, ఆ చావుకో తప్ప పాడకూడదు. మనకి తెలీక "ఒకటి పాడండి" అంటే మొహమాటానికి పాడేస్తారు, తర్వాత బాధపడతారు. "ఈ రోజుల్లో పాడదగ్గది ఏదైనా ఉందా?" అని అడగాలి. ఒప్పుకోలు కూడా రికార్డర్ మీదే తీసుకోండి, వాళ్ళ భాషలో, రేడియోలో వేస్తాం, ఇంటర్నెట్‌లో కూడా పెట్టొచ్చు, ఒప్పుకుంటున్నారా అని రెండూ విడివిడిగా. రేడియోకి సరే, ఫోన్లలో తిరగడం వద్దు అన్నవాళ్ళు నాకు చాలామంది తగిలారు, అది వాళ్ళ ఇష్టం.

కోత

ఇంటికొచ్చిన రోజే ఫైలు మూడు చోట్ల పెట్టండి, కంప్యూటర్లో ఒకటి, పెన్‌డ్రైవ్‌లో ఒకటి, వేరే ఇంట్లో ఒకటి. ఫైలు పేరులో తేదీ, ఊరు, మనిషి పేరు ఉండాలి. ఎడిటింగ్‌కి ఆడాసిటీ ఉచితంగా దొరుకుతుంది, అది చాలు. స్టేషన్‌కి వాట్సాప్‌లో పంపాల్సివస్తే డాక్యుమెంటుగా పంపండి, ఆడియోగా పంపితే నొక్కేసి పంపిస్తుంది, గొంతు రేకు డబ్బాలోంచి వచ్చినట్టు ఉంటుంది.

మొదట మొత్తం ఒకసారి కోత లేకుండా వినండి, ఎక్కడ మీరు పని ఆపేసి విన్నారో ఆ నిమిషం రాసుకోండి. ప్రోగ్రామ్ అక్కడ మొదలవ్వాలి. పుట్టిన ఊరు, చదివిన బడి, వచ్చిన అవార్డులు మీరే ముప్ఫై సెకన్లలో పరిచయంలో చెప్పేయండి, వాళ్ళ సమయం దానికి ఖర్చు పెట్టకండి. ఊపిరి దగ్గర కొయ్యండి, ఊపిరి మధ్యలో కాదు. తడబాట్లన్నీ తియ్యకండి, మనిషి ఆలోచిస్తున్నప్పుడు వచ్చే "అదేటంటే..." అన్న సాగదీత ఉంచాలి, ఊరికే దగ్గినది తియ్యొచ్చు. ఒక ప్రశ్నకి చెప్పిన జవాబు ఇంకో ప్రశ్న కింద పెట్టడం మాత్రం ఎంత బాగా అతికినా చెయ్యొద్దు. వాళ్ళు "ఇది వద్దు" అన్నది తీసేశారో లేదో ఆఖర్లో మళ్ళీ చూసుకోండి.

పొగడ్తలన్నీ కొయ్యండి, మీరు వాళ్ళని పొగిడినవి, వాళ్ళు మిమ్మల్ని పొగిడినవి, రెండూ.

ప్రసారం ఏ రోజు ఎన్నింటికో వాళ్ళకి రెండు రోజుల ముందే చెప్పండి, ముసలివాళ్ళకి ఫోన్లో చెప్తే మర్చిపోతారు, క్యాలెండర్ మీద పెన్నుతో గుండ్రంగా గీసి రండి. కుదిరితే ఆ టైముకి వాళ్ళింట్లోనే ఉండండి. హార్మోనియం మేష్టారి దగ్గరికి నేను ఏడాది తర్వాత మళ్ళీ వెళ్ళి కొత్తగా చేశాను, ప్రసారం రోజు వాళ్ళ అరుగు మీద వీధి సగం కూర్చుంది. తన గొంతు వింటూ ఆయన మధ్యలో చెయ్యెత్తి "అలగ కాదు, ఆ నాటకాల కంపెనీలో టెక్కలిలో కాదు, మందసలో చేరాను" అని మొదలెట్టారు, అక్కడ్నుంచి ఇంకో గంట చెప్పారు, ఆ మందస సంగతి మొదటి రెండుసార్లూ ఎందుకో రానేలేదు. కాబట్టి ప్రసారం వినడానికి వెళ్ళేటప్పుడు కూడా రికార్డర్ చార్జింగ్ పెట్టుకుని, ఖాళీ కార్డు వేసుకుని వెళ్ళండి.